తులాధారుడి తక్కెడ, మా వాట్సాప్

ఏది అమ్మకూడదో మన పెద్దలు వివరంగానే చెప్పారు. గృహస్థుడు చేయకూడని వ్యాపారాలు అయిదని బుద్ధుడు లెక్కపెట్టి చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. స్మృతికారులు ఇంకా పొడుగు జాబితాలు రాశారు. తూకం ఎలా ఉండాలో, వడ్డీ ఎంత పుచ్చుకోవచ్చో, కల్తీ చేస్తే ఏ శిక్ష పడాలో కూడా రాశారు. ఎక్కడ నిలబడి అమ్మాలన్నది మాత్రం వాళ్లకి పెద్ద ప్రశ్న కాలేదు. కొట్టు ఊళ్లో ఉండేది. సంత వారానికోసారి జరిగేది. తిరణాలకి బండి కట్టుకుని వెళ్లేవాళ్లు. అంతటితో సరి.

ఇప్పుడు చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్లకి తొలిరోజే ఎదురయ్యే ప్రశ్న అదే. ఫేస్‌బుక్కా, ఇన్‌స్టాగ్రామా, యూట్యూబా, వాట్సాపా, లేకపోతే అన్నీనా? ఇది లెక్కలతో తేలే విషయమని అందరూ అంటారు. ఎక్కడ ఎంతమంది ఉన్నారు, ఎంత ఖర్చు పెడితే ఎంత వస్తుంది అని చూసుకుంటే చాలంటారు. ఆ లెక్కలు నేనూ వేశాను, అవి అవసరమే. కానీ వాటికి ముందు తేల్చుకోవలసిన ధర్మసందేహం ఒకటుంది. నేనెవరికి మాట ఇస్తున్నాను, ఎంతమందికి ఇవ్వగలను అన్నది. ఆ సంగతే రాస్తున్నాను.

మాది మంగళగిరి. మా అత్తింటివాళ్లు తరతరాలుగా నేత పని చేస్తున్నారు. మావయ్యగారు గుంట మగ్గం మీద నేసేవారు, మా ఆయనా నేస్తారు. అమ్మకం నా వంతు. ఇంట్లో మగ్గం కాక, మా దగ్గర నూలూ జరీ తీసుకుని నేసిపెట్టే ఇళ్లలో ఎనిమిది మగ్గాలున్నాయి. వెరసి తొమ్మిది. నిజాం అంచు నూలు చీర ఒకటి మగ్గం దిగాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఆసు పోయడం, కండెలు చుట్టడం ఇంట్లో ఆడవాళ్ల పని. ఆ కష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వానాకాలంలో గుంటలో నీరు ఊరితే నేత ఆగిపోతుంది. పెళ్లిళ్లూ చావులూ జ్వరాలూ పోను, తొమ్మిది మగ్గాల మీద నెలకి ఎనభై చీరలు వచ్చాయంటే అది మంచి నెల. ఈ ఎనభైని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాని మీదే నిలబడుతుంది.

చిన్న వ్యాపారులకి ఆన్‌లైన్ అమ్మకం నేర్పే శిక్షణ తరగతులు విజయవాడలో జరిగితే వెళ్లాను. చెప్పిన అబ్బాయి ఓపిక గలవాడు, విషయం తెలిసినవాడు. అయితే మొదటిరోజే ద్రోణుడి పరీక్ష కథ ఎత్తుకున్నాడు. చెట్టూ కొమ్మా ఆకులూ ఏవీ కనపడక అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనపడింది కదా, మీకు కూడా మీ కొనుగోలుదారు అలాగే కనపడాలి, అప్పుడు ఏ వేదిక మీద బాణం వేయాలో దానంతటదే తెలుస్తుంది అన్నాడు. గదిలో అందరూ తలూపారు. నాకా మాట మింగుడు పడలేదు. అర్జునుడు చూసింది కొట్టడానికి. మా దగ్గర చీర కొనే టీచరమ్మ నేను కొట్టవలసిన పిట్ట కాదు. ఆవిడ నెల జీతంలోంచి కొంత పక్కన పెట్టి, చూడకుండా, ముట్టుకోకుండా, ఒక ఫొటోని నమ్మి నాకు ముందుగా డబ్బు పంపుతోంది. అంత నమ్మకం పెట్టినావిడ వైపు ఏ చూపుతో చూడాలి? ఏకాగ్రత మంచిదే. వేటగాడికీ ఏకాగ్రత ఉంటుంది, జపం చేసుకునేవాడికీ ఉంటుంది. రెండూ ఒకటి కావు.

భారతంలోనే ఇంకో కథ ఉంది, శాంతిపర్వంలో. వ్యాపారం చేసుకునేవాళ్ల ఇళ్లలో పిల్లలకి చెప్పవలసిన కథ అది. జాజలి అనే మునీశ్వరుడు కదలకుండా తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేశాయి. ఆ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. నేను ధర్మాన్ని సాధించానని పొంగిపోయాడు. అప్పుడొక మాట వినపడింది, కాశీలో తులాధారుడనే వర్తకుడికి నువ్వు సాటి రావని. ఉక్రోషంతో వెతుక్కుంటూ కాశీ వెళ్లాడు. చూస్తే తులాధారుడు కొట్లో కూర్చుని సరుకు అమ్ముకుంటున్నాడు. లక్క, సుగంధద్రవ్యాలు, రకరకాల రసాలు. మద్యం మాత్రం అమ్మడు. ఇంకొకరి చేతి నుంచి కొన్నదాన్ని మోసం లేకుండా మళ్లీ అమ్ముతాడు. ఎవరొచ్చినా తన తక్కెడ మారదన్నది అతని మాటల సారం. తపస్సులో జుట్టు నిండా గూళ్లు మోసినవాడు ఆ కొట్టు ముందు నిలబడి పాఠం విన్నాడు.

ఈ కథలో నాకు నచ్చేది ధర్మాన్ని తక్కెడలో పెట్టడం. అతను పూజామందిరంలో ఒక మనిషీ, కొట్లో ఇంకో మనిషీ కాదు. తూచే క్షణంలోనే అతని ధర్మం ఉంది. మా పనిలో తూకం లేదు. చీరని తూచి అమ్మం. మరి మా తక్కెడ ఏది? చాలా ఆలోచించాక నాకు మూడు తోచాయి. రంగు, ధర, జవాబు. ఈ మూడింట్లో ఎవరి పట్లా తేడా రాకూడదు. ఏ వేదిక మీద ఈ మూడూ నిలుస్తాయో అక్కడ ఉంటాను. నిలవని చోట ఎంత జనం ఉన్నా ఉండను.

రంగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులోనే ఎక్కువ అబద్ధం దొర్లుతుంది. మా చీరల్లో నెమలి కంఠం అనే రంగు ఉంది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. రెండు రంగుల పోగులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి కాబట్టి ఆ గుడ్డకి స్థిరమైన రంగంటూ ఉండదు. ఎదురుగా చూస్తే నీలం, పక్కకి వంచితే పచ్చ, మడత పడ్డచోట రెండూ కలిసిన మెరుపు. దాన్ని ఒక్క ఫొటోలో పట్టుకోవడం కుదరదు. సెల్‌ఫోను తనంతట తనే వెలుతురు సరిచేసుకుని ఒక రంగే ఎంచుకుంటుంది. కొన్నావిడ పార్శిల్ విప్పి, నేను నీలం అడిగితే పచ్చ పంపావేంటమ్మా అంటుంది. ఆవిడ తప్పు లేదు. అందుకని మేం పొద్దున్న ఎండ ఇంకా ముదరకముందు వసారాలో చీరని చేతి మీద వేసుకుని, అటూ ఇటూ తిప్పుతూ, కుచ్చెళ్లు పోసినట్టు మడత పెట్టి, చిన్న వీడియో తీస్తాం. ఫిల్టర్ వేయం. అంచు దగ్గర పోగు ముడి పడిన చోటుంటే అదీ చూపిస్తాం. అడిగినవాళ్లకి ఆ వీడియో నేరుగా వాట్సాప్‌లో వెళ్తుంది. చూసి, ఇది నాకు కాదు అనే హక్కు వాళ్లకుంటుంది. చాలామంది అంటారు కూడా.

వీడియో కాబట్టి యూట్యూబ్ మంచిది కదా అనచ్చు. తెలుగునాట చీరల వ్యాపారానికి యూట్యూబ్ చేసిన మేలు తక్కువది కాదు. ఇంట్లో కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లు ఎంతోమంది దాని మీద నిలబడ్డారు, వాళ్లంటే నాకు గౌరవం. అయితే అక్కడ లైవ్‌లో అమ్మకం ఒక పద్ధతిలో స్థిరపడింది. ఇది సింగిల్ పీస్, నచ్చితే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి, ముందు పంపినవాళ్లకే. మా చీరలూ ఒక్కోటే ఉంటాయి, కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. నన్ను ఆపింది తొందర. ఎదుటి మనిషికి ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేసి అమ్మితే, ఆవిడ కొన్నది చీరనా, చేజారిపోతుందన్న భయాన్నా? ఇష్టంతో ఇచ్చిన డబ్బు వేరు, కంగారులో ఇచ్చిన డబ్బు వేరు. రెండోది దొంగతనం కాదు. కానీ తులాధారుడి కొట్లో అది చెల్లుతుందని నేను అనుకోను. అందుకే లైవ్ పెట్టలేదు. నేత ఎలా జరుగుతుందో చూపించే వీడియోలు మాత్రం యూట్యూబ్‌లో రెండు మూడు ఉంచాం. అవి అమ్మకానికి కాదు.

ధర గురించి. ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో చీర ఫొటో కింద ఎవరో ధరెంతండీ అని అడుగుతారు. ఇన్‌బాక్స్ చూడండి అని జవాబు వస్తుంది. ఇది అంతటా ఉన్న అలవాటు. పక్క కొట్టువాళ్లకి ధర తెలియకూడదని కొందరు, మాటల్లోకి దింపితే కొంటారని కొందరు అలా చేస్తారు. ఇంకొందరు అడిగినవాళ్ల ప్రొఫైల్ చూసి, అమెరికాలో ఉంటే ఒక ధర, అనంతపురంలో ఉంటే ఒక ధర చెబుతారు. ఇక్కడ తక్కెడ మనిషిని బట్టి వంగిపోతోంది. డాలస్‌లో ఉన్న అమ్మాయికీ, మా వీధి చివర ఉన్న అంగన్‌వాడీ టీచరుకీ అదే చీర, అదే నూలు, అదే కూలి. పోస్టు ఖర్చు తేడా ఉంటుంది, దాన్ని విడిగా రాయచ్చు. చీర ధర ఒక్కటే ఉండాలి, ఆ ధర అందరికీ కనపడాలి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు ఉంది, ప్రతి వస్తువు కింద ధర రాసుకునే వీలుంది. ఎవరు తెరిచినా అదే అంకె కనపడుతుంది. మేం దాన్ని ఎంచుకోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పోస్టులోనూ ధర మొదటి వరసలోనే రాస్తాం. అలా రాస్తే జనం తక్కువ మాట్లాడతారు, తక్కువ మందికి చేరుతుంది అన్నారు. చేరకపోతే పోనీ.

ఇక మూడోది, జవాబు.

మా ఊరి స్వామి నరసింహుడు. ఎక్కడున్నాడు నీ హరి అని హిరణ్యకశిపుడు అడిగితే, అన్నిచోట్లా ఉన్నాడని ప్రహ్లాదుడు చెప్పాడు. ఈ స్తంభంలో ఉన్నాడా అంటే ఉన్నాడన్నాడు. స్వామి ఆ స్తంభంలోంచే వచ్చాడు. ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నా, ఈ పనిలోకి వచ్చాకే అందులో ఒక సంగతి నాకు గట్టిగా తగిలింది. అన్నిచోట్లా ఉండటం ఒక్కటే దైవలక్షణం కాదు. పిలిచిన చోట పలకాలి కూడా. స్తంభాన్ని కొడితే అందులోంచి ఎవరూ రాకపోయి ఉంటే ప్రహ్లాదుడి మాట ఏమయ్యేది? అన్నిచోట్లా ఉండి, అన్నిచోట్లా పలకగలగడం ఆ స్వామికే చెల్లింది. మనుషులం మనం ఉండవలసింది పలకగలిగిన చోటనే.

ఖాతా తెరవడమంటే వాకిలి తలుపు తీసిపెట్టడమే. తలుపు తీసి ఉంది కాబట్టి ఇంట్లో మనిషి ఉన్నారనుకుని ఎవరో మెట్లెక్కి వస్తారు. లోపల ఎవరూ లేకపోతే ఆ వచ్చినవాళ్లని అవమానించినట్టే. ఎన్ని చిన్న వ్యాపారాల పేజీలు అలా తెరిచి ఉన్నాయో చూడండి. కింద ఎవరో అమ్మాయి ఈ రంగు ఇంకా ఉందా అని అడిగి ఉంటుంది. ఎవరో కొన్న చీరలో జరీ ఊడిందని రాసి ఉంటారు. నెలలు గడిచినా ఒక్క మాట ఉండదు. ఆ యజమాని చెడ్డమనిషి కాదు. నాలుగు చోట్ల ఖాతా తెరవమని ఎవరో చెబితే తెరిచారు. ఉన్న రెండు చేతులూ మూటలు కట్టడానికే చాలలేదు. కానీ అడిగినావిడకి అవన్నీ తెలియవు. ఆవిడ దృష్టిలో ఆ కొట్టు ఆవిడని పట్టించుకోలేదు, అంతే.

అందుకని మేం చేసింది ఇదీ. పార్శిల్ కట్టేటప్పుడు ప్రతి కొనుగోలుదారునీ ఒక్క మాట అడిగాం, మా సంగతి మీకు మొదట ఎలా తెలిసిందండీ అని. జవాబులు ఖాతా పుస్తకంలో వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చాం. మాకు తేలిందేంటంటే, సగానికి పైగా మా అక్క పంపింది, మా ఆఫీసులో మేడం పంపారు, మా వదిన కట్టుకుంటే చూశాను అన్నవే. అంటే వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చినవి. డ్రెస్ మెటీరియల్ కొనే చిన్న వయసు ఆడపిల్లలు ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చారు. ఫేస్‌బుక్ నుంచి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఊరికి వచ్చినవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో చూసి వచ్చారు. ఇలా అడగడానికి పైసా ఖర్చు లేదు. శిక్షణ తరగతుల్లో చెప్పే ఏ పట్టిక కన్నా ఇది నమ్మదగిన లెక్క. వేరేవాళ్లకి వేరేలా తేలచ్చు. కోనసీమలో పూతరేకులు అమ్మేవాళ్లకీ, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకీ మా లెక్క పనికిరాదు.

వాట్సాప్‌లో నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒకేసారి 256 మందికి సందేశం పంపచ్చు, కానీ మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. చాలామంది వ్యాపారులు దీన్ని అడ్డంకి అంటారు. నాకది మర్యాదగా అనిపిస్తుంది. నువ్వు నాతో మాట్లాడచ్చు అని వాళ్లు అనుమతిస్తేనే నా మాట వాళ్లింట్లోకి వెళ్తోంది. అడక్కుండా గ్రూపుల్లో చేర్చి రోజూ నలభై ఫొటోలు పోసేవాళ్లు ఈ మర్యాదని దాటుతున్నారు. మిగతా చోట్ల సంగతి వేరు. మనల్ని అనుసరించేవాళ్లందరికీ మన పోస్టు చేరదు. ఎవరికి చూపించాలో, ఎవరికి దాచాలో ఆ కంపెనీ నిర్ణయిస్తుంది. వాళ్ల స్థలం, వాళ్ల ఇష్టం. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని నిషేధించినప్పుడు, దాన్నే నమ్ముకున్న చిన్న వ్యాపారులకి ఏళ్ల కష్టం ఒక్కరోజులో కనపడకుండా పోయింది. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ గంటల తరబడి ఒకేసారి ఆగిపోయాయి. మూడు చోట్ల ఉన్నామనుకున్నవాళ్లు నిజానికి ఒకే యజమాని జాగాలో ఉన్నారని ఆ రాత్రి తెలిసింది. ఈ మాట వాట్సాప్‌కీ వర్తిస్తుంది, అందుకే పేర్లూ నంబర్లూ కాగితం మీద కూడా రాసి ఉంచుతాం. అశాశ్వతమైనదాన్ని వాడుకోవడంలో తప్పు లేదు, శాశ్వతమని నమ్మడంలోనే ఉంది.

ఇప్పుడు ఎనభై దగ్గరికి వస్తాను. మా చుట్టుపక్కల ఒక వ్యాపారి రీలు ఒకటి ఉన్నట్టుండి లక్షలమందికి చేరింది. ఆర్డర్లు కుప్పతెప్పలుగా వచ్చాయి, అందరి దగ్గరా ముందే డబ్బు పట్టారు. ఆయనకి నేసే మగ్గాలు మాలాగే కొన్నే. మగ్గాన్ని తొందరపెట్టలేం. నాడె అటు నుంచి ఇటు వచ్చేందుకు ఎంత సమయం కావాలో అంతా కావాలి, పడుగు అయిపోతే కొత్త పడుగు పోగు పోగూ అతకాలి. చివరికి బయట ఊళ్ల నుంచి మరమగ్గం చీరలు తెప్పించి మంగళగిరి చేనేత పేరుతో పంపారు. చేనేతకి కొన్ని రకాల వస్త్రాలు ప్రత్యేకించిన చట్టం 1985 నుంచీ ఉంది. మంగళగిరి చీరలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏదీ అడ్డుపడలేదు. తెలిసినవాళ్లు కనిపెట్టారు, తెలియనివాళ్లు మంగళగిరి చీరంటే ఇంతేనేమో అనుకున్నారు. దెబ్బ తిన్నది ఆ వ్యాపారి ఒక్కడే కాదు, ఊరి పేరు.

ఆయన మోసగాడని నేను అనను. ఆయన పాపం మొదలైంది మరమగ్గం చీర కొన్నరోజు కాదు. తన మగ్గాలు నేయలేనంత మందిని పిలిచినరోజే మొదలైంది. మాట ఇవ్వడం చేతి పని కన్నా వేగంగా జరిగిపోతే, ఆ రెండింటి మధ్య ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి అబద్ధం వచ్చి కూర్చుంటుంది. లోభం అంటే పక్కవాడి సొమ్ము ఆశించడమనే అనుకుంటాం. మన శక్తికి మించిన గిరాకీని కోరుకోవడం కూడా లోభమే. ఏ వేదికలు ఎంచుకోవాలన్న ప్రశ్నకి నా జవాబు ఇక్కడ ఉంది. జనం ఎక్కడెక్కడ ఉన్నారని చూసి కాదు, మన మగ్గాలు ఎన్ని అని చూసి ఎంచుకోవాలి.

మాకు నేసే ఒక పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. ఈ మాటలు ఆయన దగ్గర అంటే కండె మార్చుకుంటూ తల ఎత్తకుండానే అడిగారు.

"అమ్మాయ్, నీ ధర్మం బాగానే ఉంది. నాలుగు చోట్ల పెడితే నాలుగు చీరలు ఎక్కువ పోతాయంటున్నారు కదా. నువ్వు పెట్టనని కూర్చుంటే నా మగ్గం సంగతేంటి?"

ఈ ప్రశ్నని దాటవేస్తే నేను రాసినదంతా దండగ. 2009-10 గణనలో దేశంలో చేనేత పనివాళ్లు 43 లక్షల పైచిలుకు. 2019-20 గణన నాటికి 35 లక్షలు. పదేళ్లలో ఎన్ని లక్షల మంది మగ్గం దిగిపోయారో దీన్నిబట్టి తెలుస్తుంది. మా వీధిలోనే గుంటలు పూడ్చి గచ్చు చేయించుకున్న ఇళ్లున్నాయి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేసిన చీరలు బీరువాల్లో ఉండిపోతే, ఫోను తప్ప మాకు వేరే దిక్కు లేదు. అప్పుడు ఆ ఫోనే ఇళ్లలో పొయ్యి వెలిగించింది. కాబట్టి అమ్మకపోవడం వైరాగ్యం కాదు. నేత పనివాడి చీర నా దగ్గర మూలుగుతుంటే, నేను ప్రచారం నాకు పడదని కూర్చోవడం అతని కూలి ఎగ్గొట్టడంతో సమానం. జాజలి కదలకుండా నిలబడ్డాడు, గొప్ప సంగతే. కానీ కొట్టు నడిపినవాడు తులాధారుడు.

మా ఊళ్లో కొండ కింద ఉన్న నరసింహస్వామి గుడి గాలిగోపురం చూడండి. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు, పదకొండు అంతస్తులు, 153 అడుగులు. దూరం నుంచి కనపడాలనే అంత ఎత్తు కట్టారు. కనపడాలనుకోవడంలో దోషం లేదు. ఆ గోపురం చూసి నడిచి వచ్చినవాడికి లోపల దర్శనం దొరుకుతుంది, అదీ ముఖ్యం.

బాబాయ్‌కి నేను చెప్పింది ఇది. "ఎనభై చీరలూ అమ్ముడుపోని నెలలో నేను నోరు మూసుకుంటే తప్పు నాదే బాబాయ్, ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి వెళ్తాను. ఎనభై అమ్ముడైన నెలలో ఇంకా కేకలు వేసి జనాన్ని పిలిస్తే అదీ నా తప్పే. అప్పుడు నువ్వు కంగారుగా నేయాలి, లేకపోతే నీ పేరు చెప్పి నేను ఇంకెవరి గుడ్డో అమ్మాలి." ఆయన ఒప్పుకున్నట్టూ అనలేదు, కాదనీ అనలేదు. కూలి పెంచాలంటే ధర పెంచు, జనాన్ని పెంచడమెందుకు అన్నారు. ఆ మాట నా దగ్గర లేని మాట. తర్వాత ఆలోచిస్తే అదే సరైన దారి అనిపించింది. చీర ఎందుకంత ధరో ఓపిగ్గా చెప్పడానికి సమయం కావాలి. పదిచోట్ల పరిగెత్తేవాళ్లకి ఆ సమయం ఉండదు. ఆ ఏడు దసరాకి ధర పెంచాం, పెంచినంతా కూలికి కలిపాం. కొద్దిమంది కొనడం మానేశారు. మిగిలినవాళ్లు ఎందుకు పెంచారని అడిగి, విని, కొన్నారు.

కొండ మీద పానకాల స్వామిగా వెలిసిన నరసింహుడికి ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుని, సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని మా నమ్మకం. చిన్న చెంబుతో తెచ్చినా, పెద్ద బిందెతో తెచ్చినా అంతే. గుటక చప్పుడు ఆగగానే అర్చకులు పోయడం ఆపుతారు. ఈ ఊరివాళ్లం పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాం కాబట్టి దీని గురించి ఆలోచించం. నేను మాత్రం ఈ మధ్య బాగా ఆలోచిస్తున్నాను. స్వామికి చాలకనా సగంతో ఆపడం? ఇవ్వవచ్చినవాడు ఇంకా పోస్తానంటున్నా చాలని ఆగడం కూడా ఒక అనుగ్రహమే. ఎనభై దాటిన రోజున ఆ నెలకి చీరలు అయిపోయాయి, వచ్చే నెల మొదట్లో చూడండి అని కేటలాగులో రాసిపెట్టేటప్పుడు నాకు ఆ గుటక చప్పుడు గుర్తుకొస్తుంది. మొదట్లో భయపడ్డాం, వెళ్లిపోతారేమోనని. కొందరు వెళ్లిపోయారు. ఎదురుచూసేవాళ్లు ఎదురుచూస్తున్నారు.

ఇప్పుడు మా ఏర్పాటు ఇలా ఉంది. ఆన్‌లైన్ అమ్మకం అంతా వాట్సాప్ బిజినెస్‌లోనే. రాత్రి ఎనిమిది దాటాక వచ్చినవాటికి జవాబు పొద్దున్నే ఇస్తామని అందులోనే రాసి ఉంచాం. మా రాత్రి ఎనిమిది డాలస్‌లో ఉన్నవాళ్లకి పొద్దున, అయినా వాళ్లు అర్థం చేసుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి ఒక పోస్టు, మా ఆడపడుచు కూతురు చూసుకుంటుంది. కింద ఎవరు అడిగినా మర్నాటికల్లా జవాబు ఉండాలన్నది మా ఇంటి నియమం. గూగుల్ మ్యాప్స్‌లో చిరునామా, తెరిచే వేళలు సరిగ్గా ఉంచాం. ఫేస్‌బుక్ పేజీ మూసేశాం. మూసేముందు అక్కడ అడిగి ఉన్న ప్రతి ఒక్కరికీ జవాబు రాసి, మా నంబరు ఇచ్చాం. ఇంకో రెండు మగ్గాలు కలిస్తే ఇంకో చోటు సంగతి చూస్తాం. అప్పటిదాకా చూడం.

చీర కొనే ఆడవాళ్లకి ఒక విన్నపం. ధర బయట పెట్టని చోట ధర అందరికీ కనపడేట్టు రాయమని అడగండి. ఏ మగ్గం మీద నేశారు, ఎవరు నేశారు అని అడగండి, నిజంగా చేనేతవాళ్లయితే సంతోషంగా చెబుతారు. రంగు మీద అనుమానం ఉంటే ఎండలో తీసిన వీడియో పంపమనండి. ఈ నెల చీరలు అయిపోయాయని ఎవరైనా చెబితే విసుక్కోకండి, వచ్చే నెల దాకా ఆగండి. ఆ చీర మీకోసం అప్పటికి ఎవరో ఒకరి మగ్గం మీద ఉంటుంది.